ఇప్పుడు ఎక్కడున్నావు?

శనివారం పొద్దున. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో, కొత్త ఇంట్లో స్రవంతి దోసెలు పోస్తోంది. పైగదిలో పదిహేడేళ్ళ కూతురు హంసిక వీడియో కాల్‌లో ఉంది. వారం మొత్తంలో పిల్ల నోరు విప్పేది ఆ ఒక్క గంటే. చప్పుడవుతుందని మిక్సీ కూడా వేయకుండా, చట్నీ బదులు కారప్పొడితో సరిపెట్టింది తల్లి.

అవతల మాట్లాడేది ఉజ్వల, న్యూజెర్సీలో కౌన్సెలింగ్ చేసే లైసెన్స్ ఉన్న సోషల్ వర్కర్. అక్కడి ప్లెయిన్స్‌బరోలో ఉండగా, తిండి మానేసి తలుపులేసుకున్న హంసికను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది ఆవిడే. తీరా కాలిఫోర్నియాకి మారాక తెలిసింది, ఆ లైసెన్స్ ఈ రాష్ట్రంలో చెల్లదట! ఇక్కడ ఎవరికి ఫోన్ చేసినా వెయిటింగ్ లిస్టే.

"ప్లెయిన్స్‌బరోలోనే ఉన్నామని చెప్పు, ఏం పోయింది?" అని అప్పుడే పిల్లకి నేర్పాడు తండ్రి వేణుమాధవ్. అనుమానం రాకుండా పాత ఇంటి కర్టెన్ కూడా పిల్ల వెనక కట్టాడు. మహా తెలివి!

స్రవంతి ఫోన్ మోగింది. ఉజ్వల.

"హంసిక బతకాలని లేదని చెప్పి కాల్ కట్ చేసిందండీ. మీ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌కి పోలీసుల్ని పంపిస్తే అక్కడ వేరేవాళ్ళున్నారు! పిల్ల ఎక్కడ?"

"ఇక్కడే... కాలిఫోర్నియాలో... అబద్ధం చెప్పామండీ!" అంటూనే స్రవంతి స్టవ్ కట్టేసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మెట్లెక్కింది. గదిలో ఎవరూ లేరు. "హంసీ!" అన్న ఆ కేకకి వేణుమాధవ్ గరాజ్‌లోంచి పరుగెత్తుకొచ్చాడు.

క్లోజెట్‌లో, ఇంకా విప్పని అట్టపెట్టెల వెనక, మోకాళ్ళలో తల పెట్టుకుని కనిపించింది హంసిక. స్రవంతి ఒళ్ళంతా తడిమి చూసుకుంది. దెబ్బలేం లేవు. గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

"ఏం తక్కువ చేశామే నీకు? ఆవిడని పోనివ్వకుండా పట్టుకున్నది నీ కోసమే కదా!" భయంతో అరిచాడు వేణుమాధవ్.

"నాన్నా, ఉజ్వల ఎవ్రీ టైమ్ ఫస్ట్ అదే అడుగుతుంది, ఎక్కడున్నావ్ అని. నేను లై చేస్తాను. తర్వాత ట్రూత్ ఎలా చెప్పాలి? ఇదివరకు నేను లై చేయనిది తనొక్కదానికే!"

"అది ఊరికే అడగనండీ," అంది ఫోన్‌లోంచి ఉజ్వల. "పిల్లకి ప్రమాదమైతే సాయం ఎక్కడికి పంపాలో తెలియాలని."

వేణుమాధవ్ నేల మీద కూలబడ్డాడు. ఎవరి తలుపో బాదుతున్న పోలీసులు కళ్ళ ముందు కదిలారు. "అయ్యో తల్లీ, నిన్ను నేనే ఎవరికీ దొరక్కుండా చేశానే!" అని బావురుమన్నాడు. ఏడుస్తూనే ఇంటి అసలు అడ్రస్ చెప్పాడు.

"మనుషుల్ని పంపిస్తున్నాను. ఇక సెషన్లు నేను చేయకూడదు. అక్కడి మంచి కౌన్సెలర్లకి అప్పజెప్తాను. ఇప్పుడు సాయం వచ్చేదాకా మాత్రం ఫోన్ పెట్టను," అంది ఉజ్వల. "హంసికా, ఇప్పుడు ఎక్కడున్నావమ్మా?"

అలవాటుగా తండ్రి ముఖంలోకి చూసింది పిల్ల.

"నిజం చెప్పు తల్లీ," అన్నాడు కళ్ళు తుడుచుకోకుండానే.

"డబ్లిన్‌లో," అంది హంసిక వెక్కుతూ. "అమ్మ ఒళ్ళో ఉన్నాను."