షో అడిగిందెవరు?

గణపతిరావు గారి అరుగు మీద పేకాటకున్నన్ని నియమాలు నెల్లిమర్లలో పెళ్లికి కూడా లేవు. మూడు ముక్కలాట. పందెం చింతపిక్కలే. అయినా ఆయన పట్టింపు చూస్తే సంస్థానం రాసిచ్చేస్తున్నారేమో అనిపిస్తుంది. 'ముక్కలు చూపు' అని షో అడిగినవాడు ముందు తనవి పరవకూడదు, అడిగించుకున్నవాడే పరవాలి. ఒక్కో ముక్కే తిప్పుతూ అవతలివాణ్ణి ఊరించకూడదు. మానేసినవాడి ముక్కలు ఎత్తి చూస్తే ఇక అంతే సంగతులు, అరుగెక్కనివ్వరు.

ఆయన మేనల్లుడు అప్పలసూరి ఇవన్నీ బుద్ధిగా పాటిస్తాడు. పేకాట మీద ప్రేమతో కాదు, పాపం. లోపల మావ కూతురు కూర్మమ్మ ఉంది. మిల్లు ఆఫీసు వదలగానే సైకిలు దానంతటదే ఇటు తిరుగుతుంది.

ఆ సాయంత్రం కుండపోత. తడిసి ముద్దయి వచ్చిన సూరి మీదకి కూర్మమ్మ తువ్వాలు విసిరింది.

"గొడుగు నేదేటి బావా?"

"ఉంటే తువ్వాలిచ్చీదానివా?"

"అబ్బో, మాటలొచ్చీసినాయి! అసలు మాటే నోట్లోంచి రాదు."

"ఏ మాట?"

"నాకేటి తెల్సు? నువ్వే సెప్పాల."

"నువ్వు సెప్పకూడదేటి?"

"ఆడపిల్లని, నేనెలా సెప్తానూ!" అని జడ వెనక్కి విసిరి వెళ్లిపోయింది. సూరికి సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది.

పెద్దవాళ్ల తంతూ ఇదే. "పిల్లనిచ్చేవాడు అన్నయ్య, వాడే అడగాలి" అంటుంది సూరి తల్లి జగ్గమ్మ. "మొగపిల్లాడి తల్లి, అదే అడగాలి" అంటారు గణపతిరావు. ఇద్దరూ మూతులు బిగించుకుని కూర్చున్నారు.

ఆట మొదలైంది. రోజూ ఆటకొచ్చే జగన్నాథం మాస్టారు ముక్కలు పడేసి చుట్ట వెలిగించారు. మావా అల్లుడూ మిగిలారు. సూరి చేతిలో మూడు రాజులు! జన్మలో రాని ముక్కలు. మావ ఎప్పుడు షో అడుగుతారా అని చెవులు రిక్కించాడు.

వంటింట్లోంచి అత్త లక్ష్మీనరసమ్మ ఏదో కేకేసింది. వాన హోరులో సగం కొట్టుకుపోయి "సూపు..." అన్నది మాత్రం వినిపించింది.

సూరి రాజుల్ని టపటపా పరిచేశాడు.

"ఒరే! షో ఎవడడిగినాడ్రా?" మావ అరుపుకి మాస్టారి చుట్ట జారిపోయింది.

"అత్త సూపు అన్నాది కద మావా!"

"సూపు కాదెహె, సూపులు! రేపు పాతపట్నం వోళ్లు కూర్మిని సూసుకోడానికి వస్తన్నారు. ఏ సీర కట్టాలని అడుగుతన్నాది."

సూరి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అడక్కుండా పరిసినావు. ఆట సెల్లదు" అన్నారు మావ, ముక్కలు పోగుచేస్తూ.

"ఆటెవరిక్కావాల మావా! కూర్మిని ఎవరికో ఇచ్చీస్తారా? నాకిచ్చీండి. అదంటే నాకు ప్రాణం."

"ఇదీ అడక్కుండా పరిసిందే, గణపతీ" అన్నారు మాస్టారు, చుట్ట వెతుక్కుంటూ.

గణపతిరావు పోగుచేసిన ముక్కలు అరుగు మీద పడేశారు.

"మీ అమ్మ అడుగుతాదని ఇన్నాళ్లూ కూకున్నాను కదరా!"

"మీరడుగుతారని అమ్మ కూకున్నాది."

"ఆడపిల్ల తండ్రిని. నేనడిగితే సులకనైపోనా?"

"మరి నేనేటైపోవాల నాన్నా?"

గుమ్మంలో కూర్మమ్మ. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు. "మీ పరువులు మీకు బాగానే ఉన్నాయి. రేపు ఎవడి ముందో తల దించుకుని కూకోవాల్సింది నేను. నేను కూకోను. బావంటే నాకిష్టం. ఇంకెవర్నీ సేసుకోను."

సూరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాస్టారు చూస్తున్నారని కూడా తుడుచుకోలేదు.

గణపతిరావు కూతుర్ని చూశారు, అల్లుణ్ణి చూశారు. ఎన్ని నియమాలు తిరగేసినా ఈ పిల్లకి చెప్పడానికి ఒక్కటీ పనికిరాలేదు. లేచి చెప్పులేసుకున్నారు.

"మాస్టారూ, పాతపట్నం వోళ్లకి టెలిగ్రాం కొట్టీండి, రావద్దని."

"ఇంత వానలో ఎక్కడికెల్తన్నావు నాన్నా?"

"మా సెల్లెలింటికే. మా పిల్లని సేసుకోయే అని అడగడానికి."