కుంచె పేరు దగ్గర ఆగిన టైటిల్స్

"నా పేరు దగ్గరే ఎందుకు ఆపావ్? అందరూ చూసి నవ్వాలనా?"

ప్రివ్యూ గదిలో లైట్లు వెలగ్గానే కుంచె అడిగిన మొదటి ప్రశ్న అది. ఆపడమేంటో, నవ్వడమేంటో కత్తెరకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

క్లాసులో వాళ్లని అసలు పేర్లతో ఎవరూ పిలవరు. అక్షరాలు చేత్తో రాసే అమ్మాయి కుంచె. వాటిని కంప్యూటర్లో కత్తిరించి అతికించే అబ్బాయి కత్తెర. సినిమా మొదట్లో పేర్లు పడతాయే, ఆ టైటిల్స్ చెయ్యడం ఈసారి వాళ్ల ప్రాజెక్టు. గాజుపలక మీద రంగునీళ్లలో కరిగిపోయే అక్షరాలు, వెనక పాటలో ఒక్కో దరువుకి ఒక్కో పేరు. అంతా బాగానే కుదిరింది. కుంచె పేరు మాత్రం దరువు దాటిపోయినా తెర మీంచి కదల్లేదు. దాని వెనకొచ్చిన పేర్లన్నీ బస్సు తప్పినవాళ్లలా పాట వెంట పరిగెత్తాయి.

"పాట ఒక దారి, పేర్లు ఒక దారి," అన్నారు సార్. "రేపటికి సరిచెయ్యండి. లేదంటే మీ ఇద్దర్నీ వేరే వేరే జట్లలో వేస్తాను."

"రేపటిదాకా ఎందుకు సార్? ఇప్పుడే వేసెయ్యండి," అంది కుంచె.

మార్కులు పోతే పోనీ. ఆమె పక్కన కూర్చోకుండా ఈ ఏడాదంతా ఎలా గడపాలో కత్తెరకి తెలియలేదు.

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది," అన్నాడు.

"నా పేరుకే వస్తుందా ఆ ప్రాబ్లమ్? అన్నిట్లోకీ దాన్నే హడావిడిగా రాశాను. చివరి అక్షరం పక్కకి ఒరిగింది. సరిగ్గా దాన్నే పట్టుకుని అందరికీ చూపించావ్."

"ఒరిగిందా? నాకు బానే ఉందే!"

ఆమె గొడుగు తీసుకుని విసురుగా వెళ్లిపోయింది.

అతను ఇంటికొచ్చి మొదట్నుంచీ మళ్లీ చేశాడు. కుంచె పేరు మళ్లీ అంతే పొడుగొచ్చింది. కంప్యూటర్ ఆపి వేసి చూశాడు. పాట తీసేసి చూశాడు. ఊహూఁ. పక్కనే బట్టలు ఇస్త్రీ చేస్తున్న వదిన అతని మొహం చూసి నవ్వాపుకుంది.

సాయంత్రం వాన బాగా పెరిగేసరికి గుమ్మంలో కుంచె ప్రత్యక్షమైంది.

"నీ కోసం రాలేదు. నా అక్షరాల కోసం వచ్చాను," అని ముందే చెప్పేసి అతని పక్కన కూర్చుంది. "అసలెలా కొలుస్తున్నావ్?"

"సార్ చెప్పినట్టే. పేరు రెండుసార్లు పైకి చదవడం, అవ్వగానే కట్ కొట్టడం."

"చదువు, వింటా."

కెమెరా అబ్బాయి పేరు గబగబా రెండుసార్లు చదివి కట్ కొట్టాడు. పాట కట్టిన అమ్మాయి పేరూ అంతే, హాజరు పిలిచినట్టు చదివేశాడు. తర్వాత కుంచె పేరొచ్చింది. ఒకసారి చదివాడు. కిటికీ అద్దం మీద వాన చప్పుడు వినిపించింది. ఎప్పటికో రెండోసారి చదివాడు.

"మధ్యలో ఎందుకాగావ్?"

"ఆగానా? లేదే!"

"అక్కా, మీరు చెప్పండి. ఆగాడా, లేదా?"

"ఆగాడమ్మా," అంది వదిన. "ఎటో వెళ్లి తిరిగొచ్చాడు కూడా."

కత్తెరకి అప్పుడర్థమైంది. తప్పు కంప్యూటర్ది కాదు, పాటదీ కాదు.

"నీ పేరు ఒకసారి చదివాక వెంటనే రెండోసారికి వెళ్లబుద్ధి కాదు," అన్నాడు చివరికి, తలొంచుకుని. "ఆ ఒరిగిన అక్షరంతో సహా నాకిష్టం. నువ్వంటే ఇష్టం. నాకే ఇప్పుడు తెలిసింది."

కుంచె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"లే. నేను కొడతా కట్," అంది.

తన పేరుని దరువుకి సరిగ్గా కోసేసింది. తర్వాత తెర మీద అతని పేరు పడింది. ఆమె మెల్లగా చదివింది. వేలు మాత్రం మీట మీదే ఉండిపోయింది.

"దరువు దాటిపోయింది," అన్నాడు కత్తెర.

"ఉండు. ఇంకా ఒక్కసారే చదివాను."

వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. "మీ ఇద్దరికీ వదిలేస్తే సినిమా మొదలవ్వదు. ఆ రెండు పేర్లూ కలిపి ఒక్కచోట వేసెయ్యకూడదూ? నేను చదువుతా, మీరు కట్ కొట్టండి."

కుంచె తన పేరుని జరిపి అతని పేరు పక్కన పెట్టింది. వదిన టకటకా చదివేసింది. కట్ సరిగ్గా దరువు మీద పడింది.

"మరి రేపు సార్ మనల్ని వేరే జట్లలో వేస్తే?" అన్నాడు కత్తెర, ఇంకా నమ్మకం కుదరక.

"వెయ్యమన్నది నేనేగా," అంది కుంచె. "వద్దని కూడా నేనే చెప్తా."