వెనక్కి పెట్టుకున్న చెయ్యి

పాత కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకి ఒక అలవాటుంటుంది. పవర్ సప్లై మూత తీసి, కరెంటు ఉండగా లోపల మీటరు పెట్టాల్సొస్తే ఒక్క చేత్తోనే పనిచేస్తాం. రెండో చెయ్యి వీపు వెనకే ఉండాలి. రెండూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి గుండె మీదుగా పోతుంది. ఇరవయ్యేళ్లుగా నా ఎడమచెయ్యి అలా వెనక కులాసాగా కాలక్షేపం చేస్తోంది.

ఆ మధ్యాహ్నం వెళ్లింది ఒక పెద్దావిడ ఇంటికి. ఆవిడ భర్త పోయి ఏడాదైందట. కంప్యూటర్ని బాగుచేస్తూ, దాని ముందే పోయారట.

"అందులో ఆయన గొంతుంది బాబూ. పాటలు పాడి దాచుకున్నారు. అందరూ పారేయమంటున్నారు," అంది.

"పారేయడం ఎవరైనా చేస్తారమ్మా. నాకొదిలేయండి," అన్నాను. నా పొగరు నాది.

"తలుపు మాత్రం వేసుకోకండి," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది.

చిన్న గది. బయట వాన పట్టింది. మూత తియ్యగానే మాడిన వాసన గుప్పుమంది. రెండు కెపాసిటర్లు పొట్టలుబ్బి ఉన్నాయి. వాటిని మార్చి, ప్లగ్గు పెట్టి, మీటరు నల్లతీగని పెట్టె ఇనపరేకుకి తగిలించాను. ఎర్రతీగ ముల్లు కుడిచేత్తో పట్టుకుని లోపలికి వంగాను. ఫ్యాన్ గుర్రుమంటూ తిరుగుతోంది. బతికిందనుకుని సంతోషపడ్డాను.

అప్పుడు వీపు వెనక... నా ఎడమచేతి చిటికెనవేలు ఎవరో పట్టుకున్నారు.

చల్లగా ఉన్నాయి. తడిగా ఉన్నాయి. చిన్న వేళ్లు. నా వేలు వదిలి మణికట్టు మీదికి పాకాయి.

తల తిప్పలేకపోయాను. కుడిచెయ్యి బయటికి లాగుదామంటే కొయ్యబారిపోయింది. నా ఎడమచెయ్యి కదిలింది. నేను కదపలేదు. నడుం పక్కనుంచి... బల్ల మీదికి... తెరిచిన పవర్ సప్లై వైపు...

"ఇదీ పెట్టు," చెవి పక్కన ఆడపిల్ల గుసగుస.

చచ్చిపోతానని తెలుస్తూనే ఉంది. నాకింకా బతకాలనుంది.

"వద్దు... వదులు తల్లీ..." బతిమాలాను.

అంగుళం... అరంగుళం... ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మిగిలింది కాలొక్కటే. బల్ల కింద తీగని ఈడ్చి తన్నాను. ప్లగ్గు ఊడింది. పట్టు వదిలింది. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాను.

గుమ్మంలో పెద్దావిడ. రెండు చేతులా నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"వదులు తల్లీ, అన్నారు కదూ?" అంది మెల్లగా. "ఆయన ఆఖరి మాటా అదే. వంటింట్లోంచి విన్నాను."

"ఎవరమ్మా ఆ పిల్ల?"

"మాకు పిల్లల్లేరు బాబూ. ఈ ఇల్లు కట్టుకుందీ మేమే. మాకు ముందు ఇక్కడెవరూ లేరు."

సంచీ కూడా సరిగ్గా మూయకుండా లేచాను. "దాన్ని ముట్టుకోకండి. చచ్చినా ముట్టుకోకండి," అని వానలోకి పరిగెత్తాను.

వీధి మలుపులో ఆగి వెనక్కి చూశాను. ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఒక చేతిలో గ్లాసు. రెండో చెయ్యి పక్కకి, కిందికి చాచి ఉంది, దేన్నో పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుని.

ముందు ఆ చెయ్యి లోపలికి వెళ్లింది. తర్వాత, దాని వెనకే, ఆవిడ.