ఏడంకె మీద గీత

అంగట్లో గోడకున్న ఫ్రేమును ఎవరు దించాలన్న మాట మీద ఆ ఇంట్లో అప్పటికే అరగంటగా వాదన నడుస్తోంది. పొద్దుటి టిఫిను, మండక్కి ఒగ్గరణె అనే బొరుగుల తాలింపు, చల్లారిపోయింది. పళ్లెంలోని మిర్చి బజ్జీలు మెత్తబడ్డాయి. మహదేవప్ప ఎంగిలి చెయ్యి గాల్లో అలాగే పెట్టుకుని చిన్న కొడుకు మహాంతేశ్ వైపు చూస్తున్నాడు.

"పెట్టినోడే తియ్యాలె" అన్నాడు.

"పెట్టుమన్నది నువ్వు నాయనా. నేను మేకు కొట్టిన, అంతే. అద్దం గూడ మంచిది వేపియ్యి అంటివి. మొన్నటిదాంక వచ్చినోల్లకల్ల చూపిస్తివి. ఇప్పుడు నేను కుర్చీ ఎక్కి దించుతుంటే గంజ్ అంతా నిలబడి చూడాల్నా?"

మహదేవప్ప భార్య అంబుజ ఇద్దరి మధ్యా నీళ్ల చెంబు పెట్టి పక్కకు జరిగింది. ఆమెకూ కోపంగానే ఉంది. అయితే ఆ కోపం ఫ్రేము మీద కాదు, పై గదిలో కూర్చున్న పెద్ద కోడలు నేహ మీద.

పదిహేను రోజుల కిందట ఒక ఇంగ్లీషు పత్రికలో నేహ ఫొటోతో పెద్ద వ్యాసం వచ్చింది. మహదేవప్పకు కన్నడం వచ్చు, తెలుగు వచ్చు, ఉర్దూ అక్షరాలు కూడా కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు రాదు. కోడలి ఫొటో, పక్కన రాకెట్టు బొమ్మ చూసి మురిసిపోయి, ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గంజ్ మార్కెట్టులోని తన విత్తనాల అంగట్లో గల్లా పైన పెట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే కల్మల రైతులకూ గిల్లేసూగూరు రైతులకూ విత్తనాల సంచీ కంటే ముందు దాన్నే చూపించాడు. పెద్ద కొడుకు నిఖిలేశ్ బెంగళూరులో మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే పనిలో ఉన్నాడు. కేబిన్‌లో గాలి శుభ్రం చేసే యంత్రం అతని విభాగానిది. కోడలు నక్షత్రాల కిరణాల్ని కొలిచే పరికరాలు తయారు చేస్తుంది. ఇలాంటి జంట రాయచూరులో ఏ ఇంట్లో ఉందని ఆయన అడుగుతుంటే, వర్తకుల సంఘం వాళ్లు ఆదివారం సాయంత్రం ఇద్దరికీ సన్మానం పెట్టారు. గంజ్ గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు.

శనివారం పొద్దున కొడుకూ కోడలూ బండి దిగారు. ఆ మధ్యాహ్నమే కాలేజీ లెక్చరరు యోగానంద్ బెండ విత్తనాల కోసం అంగడికి వచ్చి, ఫ్రేము కింద నిలబడి వ్యాసం పేరు పైకి చదివాడు. చదివి, "మనుషులు ఆగాలి, యంత్రాలే వెళ్లాలి అని రాశారే మీ కోడలు. అబ్బాయి చేసేది మనుషుల్ని పంపే పనే కదా" అని నవ్వాడు. అంగట్లో ఆ సమయానికి ఏడుగురు ఉన్నారు. సాయంత్రానికి గంజ్ అంతా తెలిసింది. పిండి గిర్నీ దగ్గర ఒకావిడ అంబుజను ఆపి, మీ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు పడదటగదా అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఆ గిర్నీకి తలెత్తుకుని పోయిన అంబుజ నిన్న జొన్నపిండి డబ్బా అక్కడే మరిచిపోయి వచ్చింది.

"బేఇజ్జతి" అన్నాడు మహదేవప్ప, పదోసారి. "క్యాంపోల్ల పిల్ల, చదువుకున్నది, నోరు మంచిదని తెచ్చుకుంటిమి. మొగుడు తినే కంచంల మన్ను పోసింది."

నేహ పుట్టిల్లు సింధనూరు దగ్గర కాలువ కింద క్యాంపులో. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. పెళ్లయి ఆరేళ్లలో మహదేవప్ప ఆ మాట ఎత్తడం ఇదే మొదలు. నిఖిలేశ్ తల వంచుకుని మండక్కిలో పల్లీలు ఏరుతున్నాడు. నిన్నటి నుంచీ అతను అదే పనిలో ఉన్నట్టుంది.

మహదేవప్ప తీర్పు నిన్ననే చెప్పేశాడు. మధ్యాహ్నం లోపల నేహ రెండు పనులు చెయ్యాలి. రాసింది పొరపాటని పత్రికకు ఉత్తరం పంపాలి. మంగళవారం బెంగళూరులో ఒక కమిటీ ముందు మాట్లాడాల్సి ఉంది, దానికి రానని చెప్పాలి. రాబోయే ఇరవై ఏళ్లలో అంతరిక్షంలో ఏ పని ముందు, ఏ పని వెనక అని తేల్చడానికి వేసిన కమిటీ అది. రెండూ చెయ్యకపోతే సాయంత్రం ఆమె స్టేజీ ఎక్కకూడదు.

"ఫ్లెక్సీల అక్క ఫొటోనే పెద్దగుంది మామా" అంది చిన్న కోడలు సుమంగళ, కాఫీ గ్లాసులు పెడుతూ. "ఆమె లేకుంటే సగం ఫ్లెక్సీ మీద చీర కప్పాలె."

మహదేవప్ప నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. కల్మల హుసేనప్ప. నాలుగెకరాలకూ ఈసారి కొత్త రకం పత్తి గింజలే కావాలంటున్నాడు. మహదేవప్ప గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఓపికగా, కొడుక్కి చెప్పినట్టు చెప్పాడు. కొత్త గింజ ఈ నేల మీద ఎట్లా వస్తదో ఎవరికీ తెల్వదు, ముందుగాల ఒక ఎకరం ఏసి చూడు, మిగిలిన మూడెకరాలు పాత రకమే ఏసుకో, ఒక పంట చూసినాక మాట్లాడుదాం. నాలుగు సంచులు అడిగినవాడికి ఒకటే ఇస్తానని ఫోన్ పెట్టేసి, మళ్లీ మొహం ముడుచుకుని భార్యను చూశాడు.

"నువ్వు పో పైకి. ఉత్తరం రాపిచ్చుక రా. ఆడిది ఆడిదాని మాట వింటది."

అంబుజ మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టుకూ ఒక్కో మాట పేర్చుకుంటూ ఎక్కింది.

నేహ మంచం మీద, పత్రికకు పంపకముందు టైపు చేసుకున్న వ్యాసం కాగితాలు పరుచుకుని కూర్చుంది. నిద్ర లేని కళ్లు. అంబుజ గడప దాటకముందే మొదలుపెట్టింది. మొగుడి పనికి అడ్డం రాసేదానివి పెళ్లెందుకు చేసుకున్నావని అడిగింది. గిర్నీ దగ్గర తన మొహం ఎట్లా పోయిందో చెప్పింది. నేహ చివరిదాకా వింది.

"మీరు చదివారా అత్తయ్యా?"

"నాకు ఇంగ్లీషు యాడొస్తది?"

"మామయ్యగారికీ రాదు. మహాంతేశ్‌కి వచ్చు, చదవలేదు. ఆ లెక్చరరు గారు పేరు చదివి నవ్వారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, పత్రికవాళ్లు పెట్టుకున్నారు. నిన్నటి నుంచి అందరూ తిడుతున్నారు. లోపల ఏం రాశావమ్మా అని ఒక్కరు అడగలేదు." గొంతు పెంచకుండానే కాగితాలు వరసలో పెట్టింది. "తిట్టడానికైనా ఒకసారి వినండి."

అంబుజ కూర్చుంది. వినాలని కాదు, మోకాళ్లు నొప్పి పెట్టి.

నేహ ఒక్కో పేరా చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ముందు మూడు దారులున్నాయట. ఒకటి, త్వరగా మనుషుల్ని పంపి, ఆ పైన వాళ్లు ఉండడానికో ఇల్లు కట్టడం. రెండోది, మనుషుల మాటే వదిలేసి యంత్రాల్ని దూరదూరాలకు పంపడం. యంత్రానికి గాలీ నీళ్లూ అక్కర్లేదు, తిరిగి రాకపోయినా ఏడ్చేవాళ్లుండరు. కానీ యంత్రం ఏడాదిపాటు చేసే పనిని మనిషి ఒక్క రోజులో చేసెయ్యగలడు. మూడోది నేహ కోరిన దారి. మనుషులు కూర్చునే కేబిన్‌ను ఖాళీగానే ఇంకా చాలాసార్లు పంపి చూడాలి, ఆ ఖాళీలో చిన్న పరికరాలు పెట్టి పంపాలి, అన్నీ నిలిచాక మనిషి ఎక్కాలి. నేహ చేసిన పరికరం ఒకటి నాలుగేళ్లుగా చోటు దొరక్క డబ్బాలోనే ఉందట.

"మరి మావోడు ఏమంటడు?" అంది అంబుజ, తనకు తెలియకుండానే.

"ఆలస్యం చేస్తే నేర్చుకున్నవాళ్లు చెదిరిపోతారంటారు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి నేర్పాలంటారు. అదీ నిజమే."

"ఇద్దర్ల ఎవరిది కరెక్టు?"

"తెలీదు అత్తయ్యా. ఎవరికీ తెలీదు. అందుకే అందర్నీ పిలిచి అడుగుతున్నారు."

అంబుజ చెయ్యి చాచి కాగితాలు తీసుకుంది. టైపు అక్షరాల పక్కన నీలం సిరాతో చాలా దిద్దుబాట్లు ఉన్నాయి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అంకెలే. ఒకచోట టైపులో ఉన్న నాలుగును కొట్టేసి పైన ఏడు వేశారు. ఆ ఏడు మధ్యలో అడ్డంగా గీత ఉంది.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నిఖిలేశ్ సెలవుల్లో అంగట్లో కూర్చుని విత్తనాల డబ్బాలకు చీటీలు రాసేవాడు. ఏడు చూసి ఒకటనుకుని ఒకసారి వేరే రకం గింజలు ఇచ్చారని, ఆ రోజు నుంచి ఏడు మీద గీత పెట్టడం మొదలుపెట్టాడు. అంగట్లో మిగతావాళ్లెవరూ అట్లా రాయరు.

"ఇది ఎవరి రాత?"

నేహ దుప్పటి అంచు సవరించసాగింది.

"నిన్నే అడుగుతున్న. వాడు చదివిండా దీన్ని? అచ్చయ్యేముందే?"

"తప్పులుంటే దిద్దమని ఇచ్చాను. రెండు రాత్రులు కూర్చుని దిద్దారు. నా లెక్క ఒకటి తప్పు పోయింది, సరిచేశారు. ఇదిగో ఇక్కడ, ఇది నీ గట్టి మాట, మెత్తబరచొద్దు అని రాశారు. ఆయన ఒప్పుకోరు అత్తయ్యా, కానీ దిద్దారు."

"మరి కింద ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఆయనే చెప్తారని చూశాను." అప్పుడు నేహ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్న మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను."

అంబుజ కాగితాలు మడిచి చేతిలో పట్టుకుని లేచింది. మోకాళ్ల నొప్పి గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ల కిందట, మహాంతేశ్ పుట్టిన ఏడాదికి, ఇద్దరు చాలని ఆమే మహదేవప్పా కలిసి అనుకున్నారు. ఆస్పత్రికి ఆయనే తీసుకుపోయాడు, సంతకం ఆయనే పెట్టాడు. ఇంటికి వచ్చాక అత్త హులిగెమ్మ, ఎవర్నడిగి ఆపరేషన్ చేయించుకున్నావని వాకిట్లో నిలదీసింది. మహదేవప్ప చెప్పులు వేసుకుని అంగడికి వెళ్లిపోయాడు. అత్త చనిపోయేదాకా పదకొండేళ్లు, చుట్టాలు వచ్చినప్పుడల్లా, ఇది సొంతంగా చేయించుకుని వచ్చింది అన్న మాట అంబుజ విన్నది. ప్రతిసారీ, ఈసారి ఆయన చెప్తాడనుకున్నది.

కిందికి వచ్చేసరికి మహదేవప్ప చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. "రాసిచ్చిందా?" అన్నాడు.

అంబుజ ఆయన వైపు చూడలేదు. కాగితం విప్పి నిఖిలేశ్ పళ్లెం పక్కన పెట్టింది.

"ఏడు మీద గీత ఎందుకు పెడ్తవ్ రా?"

అతను ఏరుతున్న పల్లీని పళ్లెంలోనే వదిలేశాడు. మహాంతేశ్ వంగి చూసి, "అన్న రాతే" అన్నాడు మెల్లగా.

"ఏంది ఇది?" అన్నాడు మహదేవప్ప. "నువ్వు దిద్దినవా? నీ పని మీద రాసినదాన్ని నువ్వే దిద్దినవా?"

నిఖిలేశ్ ఒప్పుకున్నాడు. ఆమె చెప్పినదాంతో తను ఏకీభవించనని, కానీ వాదన పెట్టేటప్పుడు అందులో లెక్క తప్పు ఉండకూడదని, ఆఫీసులో కూడా తాము రోజూ ఇట్లాగే కొట్లాడుకుంటామని, అది పగ కాదని ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

"మరి నిన్నటికెల్లి నోట్ల ఏం పెట్టుకున్నవ్?" అంది అంబుజ.

"నాయన కోపం తగ్గినాక చెప్దామనుకున్నమ్మా."

"తగ్గదు. నీకు తెల్వదు, నాకు తెలుసు. ముప్పై ఏండ్లకెల్లి నేను గూడ ఎదురుచూస్తున్న, ఈ ఇంట్ల ఒక మొగోడు లేచి, ఆమె ఒక్కతే చెయ్యలేదు, నేను గూడ ఉన్న అంటడేమో అని. మీ అవ్వ పోయింది. ఇగ చెప్పనీకె ఆమె గూడ లేదు."

కొడుకులకు అర్థం కాలేదు. మహదేవప్పకు అర్థమైంది. చేతిలోని తువ్వాలును మోకాలి మీద పరిచి, మడిచి, మళ్లీ పరిచాడు. మెట్ల మీద నేహ వచ్చి నిలబడింది. సుమంగళ వంటింటి తలుపు దగ్గర ఆగిపోయింది.

"అది వేరే సంగతి" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఇది గంజ్‌ల ఇజ్జత్ సంగతి."

"హుసేనప్పకు ఇప్పుడే ఏం చెప్తిరి?" అంది అంబుజ. "నాలుగెకరాలకు అడిగితే ఒక్క ఎకరం ఏసి చూడు అంటిరి. ఈమె గూడ అదే రాసింది. ముందుగాల ఖాళీది పంపి చూడుండ్రి అన్నది."

"విత్తనం వేరు, మనిషి వేరు."

"అవును" అంది అంబుజ. "అదే రాసింది."

మహదేవప్ప తల ఎత్తి మెట్ల వైపు చూశాడు, ఎక్కువసేపు చూడలేక దించేశాడు. మహాంతేశ్, "మరి ఫ్రేము?" అన్నాడు. "ఉండనీ" అన్నాడు ఆయన. నిఖిలేశ్ లేచి మెట్ల దాకా వెళ్లి, సాయంత్రం స్టేజీ మీద దిద్దింది తనేనని చెప్తానని నేహతో అన్నాడు. నేహ అతన్ని దాటుకుని దిగివచ్చి అత్త పక్కన కూర్చుంది. ఆమెకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గమని అంబుజ చెప్పలేదు.

చల్లారిన మండక్కి కొంచెం పళ్లెంలో పెట్టి కోడలి ముందుకు జరిపింది. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా, రేపు కూరగాయలు ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

"రేపు బెంగళూరు బండికి నేను గూడ పోతున్న. మంగళారం ఈమె ఆ కమిటీ ముందట మాట్లాడి బయటికి వచ్చేదాంక అక్కడ కుర్చీల కూచుంట. మళ్ల ఎప్పుడొస్తనో ఫోన్ చేస్త. అంతవరకు వంట అందరు చూసుకోండ్రి."