నున్నక్క ఊడ్చుకుపోయిన పట్టు

కాటమ్మ పొద్దున్నుంచి తిరగలి తిప్పుతూనే ఉంది. రాయి చప్పుడు లేకుండా గిర్రున తిరుగుతోంది. పోసిన జొన్నలు పోసినట్టే అంచుల నుంచి జారిపోతున్నాయి. ఆ ఇంట్లో పిండి లేక ఆరు రోజులైంది. గిరికోట రాజ్యంలో ఏ ఇంట్లోనూ లేదు.

తప్పు రాజుది. కొండ మీద కోట కట్టిస్తున్న రణధీరుడికి, బండలు పైకి లాగడానికి వందల ఎడ్లు కూడా చాలలేదు. బండ నేలకు రాసుకోవడం వల్లనే కదలడం లేదని ఎవరో చెప్పారు. అప్పుడాయన కొండల అవతల ఉండే నున్నక్క అనే రాక్షసిని వేడుకున్నాడు: "నా రాజ్యంలో రాపిడి అన్నది లేకుండా చెయ్యి." నున్నక్క నవ్వి, రాజ్యంలోని పట్టునంతా ఊడ్చుకుపోయింది.

ఆ పూట బండలు వెన్నముద్దల్లా పైకి జారాయి. జనం ఆనందంతో కేకలు వేశారు. అంతలో తాళ్ల ముడులు వాటంతటవే విడిపోయాయి. పైకెక్కిన బండలు ఎక్కిన దారినే దిగివచ్చి పదకొండుమందిని నలిపేశాయి.

కాటమ్మ తండ్రి సిద్దయ్య కల్లు గీసేవాడు. సరిగ్గా ఆ వేళకు ఊరి చివరి తాటిచెట్టు కొనన ఉన్నాడు. నడుమునూ చెట్టునూ కలిపి బిగించే మోకు ముడి వీడి కిందపడింది. ఆయన మట్టల నడుమ గుంటలో ఒరిగి, అక్కడే నిలిచిపోయాడు. మాను మీద కాలు పెడితే జారి చావడమే. మట్టల్లో ఇరుక్కున్న కుండలోని కల్లే ఇప్పుడాయనకు కూడూ నీళ్లూ.

కాటమ్మ తిరగలి వదిలి, పాక్కుంటూ చెట్టు కిందికి వెళ్లింది.

"నాయినా, ఎట్లున్నవ్?"

"రాజుకంటె ఎత్తు మీదున్న బిడ్డా," అని నవ్వబోయి దగ్గాడు. "కుండ అడుగంటింది. గాలి ఊపుతున్నది. ఎల్లుండి దాకా ఉంటనేమో."

వాళ్ల ఇంట ఒక ఆచారముంది. మోకు భుజాన వేసుకున్నవారు ఎవరితోనూ మాట్లాడకుండా గడప దాటాలి. పోయొస్తానని చెబితే చెట్టు విని తిరిగి రానివ్వదట. కాటమ్మ ఆ మోకును ఇంటికి తెచ్చి, భుజాన నిలవక మెడలో వేసుకుంది. పైన అడ్డకర్ర ఉన్న మొనదేలిన గూటాలు రెండు తీసుకుంది. "యాడికే పోరీ?" అని పక్కింటి అవ్వ అడిగినా పలకలేదు.

కాలు నేలను పట్టదు కాబట్టి గూటం నేలలో గుచ్చి, దాన్ని తన్నుకుంటూ నున్నక్క ఉండే కొండల వైపు కదిలింది. కొండవాలు మీద కూర్చుంటే చాలు, నేలే ఆమెను కిందికి లాక్కుపోయింది. దిగువన పళ్లెంలాంటి పెద్ద బండ ఉంది. దాని మీద ఉయ్యాలలా అటూ ఇటూ ఊగి ఊగి, ఎదురుగాలికి ఊపు తగ్గి చివరికి నడిమధ్యన ఆగింది. బండలో గూటం దిగలేదు. పక్కనే లేగదూడంత ఉడుము ఒకటి వెల్లకిలా పడి ఉంది.

"నవ్వకు," అంది ఉడుము. "ఉడుంపట్టు అని మా పేరు చెప్పుకుంటరు గద. ఇగో, చూడు నా బతుకు."

కాటమ్మ నవ్వలేదు. ఉడుమునే గమనిస్తూ కూర్చుంది. అది తోకతో గులకరాయిని కొడితే రాయి అటు పోయింది, ఉడుము వెంట్రుకవాసి ఇటు జరిగింది.

"మామా, నీ ఇల్లెటు?"

"నువ్వచ్చిన దిక్కే."

"నాది ఎదురు దిక్కు. నీ కాళ్లు నా కాళ్లకు ఆనించు. ఇద్దరం ఒక్కసారే తన్నుకుందాం."

ఉడుము అనుమానంగా చూసింది. "ఇన్నేండ్లకు ఒక పోరితోని తన్నులు తినాల్నా?" అంటూనే కాళ్లు ఆనించింది. ఇద్దరూ బలమంతా పెట్టి తన్నుకున్నారు. ఉడుము ఆ అంచు దాటింది, కాటమ్మ ఈ అంచు దాటింది.

ఆ తరువాత నిట్టనిలువు కొండచరియ ఎదురైంది. నున్నక్క గుహ పైన ఉంది. దాని ముంగిట చూరులా ముందుకు వచ్చిన సూదంటురాయి చుట్టూ బాణపు మొనలు, కత్తులు, ఎముకలు వేలాడుతున్నాయి. ఎముకల మణికట్లకు సంకెళ్లున్నాయి. కాటమ్మకు చిన్నప్పుడు దిష్టికి తొడిగిన ఇనుప కడియాలు చేతులకు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె కళ్లు మూసుకుని రెండు చేతులూ పైకెత్తింది. కడియాలు ఆమెను గాలిలోకి లేపాయి. భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. పైకి చేరాక గుహ గడపకు మోచేతులు మెలిపెట్టి, చర్మం చీరుకుపోతున్నా కడియాలను ఆ రాతి నుంచి లాగి విడిపించుకుంది.

లోపల నున్నక్క కూర్చుని ఉంది. ఆమె ఒంటి మీద ఒక్క ముడత కూడా లేదు. ముందు ఒక బాన నిండా, ఊడ్చుకొచ్చిన పట్టంతా గరుకైన బూడిదై ఉంది.

"మీ రాజు అడిగిందే చేసిన. మళ్లీ ఎందుకొచ్చినవ్?"

"మా నాయిన చెట్టు మీదున్నడు."

"గరుకుంటె అన్నీ అరుగుతయ్. చెప్పులు, ఇరుసులు, మీ నాయిన మోకాళ్లు. నేను అరగను, చూసినవా?"

"అరిగితె అరగనీ. మేం కింద నడిచేటోళ్లం."

నున్నక్క బానను ముందుకు తోసింది. "బాన తీస్కపో. కాని రెండు చేతుల పట్టు నాకుండాలె. ఎవలిది ఉంచుతవ్?"

కాటమ్మ తన అరచేతులు చాచింది.

బూడిదను గాలిలో చల్లగానే కొండ కింద ఎక్కడో ఎడ్లబండి ఇరుసు కిర్రుమంది. మరునాటి సాయంత్రానికి ఆమె ఊరు చేరింది. మోకు లేకుండా మానును కౌగిలించుకుని దిగిన సిద్దయ్య చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఛాతీ మీద చర్మమంతా ఒలిచిపోయింది. అయినా బతికాడు.

రాజు కోట పని ఆపించాడు. చనిపోయినవారి పదకొండు ఇళ్లకూ తానే నడిచి వెళ్లి తలవంచి నిలబడ్డాడు. కాటమ్మను కోడలిగా చేసుకుంటానని కబురూ పంపాడు. సిద్దయ్య ఆ కబురుకు ఇంకా బదులివ్వలేదు.

తిరగలి మళ్లీ గరగరమంది. కాటమ్మ మణికట్టుతో పిడిని నెడుతూ పిండి విసిరింది. రొట్టెలయ్యాక తండ్రికి నీళ్లు అందించబోతే చెంబు జారిపడింది. మళ్లీ ముంచింది. మళ్లీ జారింది. సిద్దయ్య కూతురి చెయ్యి తీసుకుని దీపం దగ్గరికి తిప్పాడు. అరచేతిలో ఒక్క గీత లేదు. గాజులా మెరుస్తోంది.

"ఎవలికిచ్చినవ్ బిడ్డా?"

ఆమె కొండల దిక్కు చూసింది. ఆయన రొట్టె సగంలో వదిలి లేచి, మేకుకున్న మోకు తీసి పచ్చిపుండు మీదుగానే భుజాన వేసుకున్నాడు.

"నాయినా, గాయాలు మానలే!"

సిద్దయ్య పలకలేదు. గడప దాటి, తాటివనం వైపు చూడనైనా చూడకుండా నున్నక్క కొండల దారి పట్టాడు.