అటక మీది అన్నం

రెండువేల ఇరవై రెండు, వానాకాలం. కాలువకు నీళ్ళు వదిలారు. నాట్లు అయిపోయి చేలు పచ్చబడుతున్న రోజులు.

మాది కర్ణాటకలో, రైచూరు జిల్లా బాళగనూరు దగ్గర ఒక క్యాంపు. గుంటూరు వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్ళం కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మా ఇంటికి బెంగుళూరు పెంకులు, వాటి కింద టేకు చెక్కల అటక. విత్తనపు వడ్ల బస్తాలు అటక మీదే ఉంటాయి. పడగొట్టి స్లాబు వేద్దామని మా అబ్బాయి హరిబాబు ఏటా అంటాడు. నేను ఏటా వద్దంటాను.

ఆ ఏడు అటక మీదికి పునుగుపిల్లి చేరింది. నల్లటి మూతి, ఒంటంత పొడుగు తోక. పగలంతా బస్తాల వెనక నిద్రపోయేది. పొద్దు గూకగానే పెంకుల సందులోంచి బయటికి పోయేది. కొన్నాళ్ళకు పైన పిల్లల కీచుకీచులు వినిపించాయి. ఇంట్లో ఎలుక అన్నది కనపడకుండా పోయింది. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా ఒక వాసన, అప్పుడే వార్చిన కొత్తబియ్యపు అన్నం వాసన.

"ఏవయ్యా, పైన ఎవరో వంట చేస్తున్నట్టుంది," అంది మా ఆవిడ పున్నమ్మ.

"పునుగు వాసన అలాగే ఉంటుందే. తిరుపతిలో దేవుడికే పూస్తారు."

"దేవుడికి పూసేదైతే దేవుడింట్లో ఉండమను. నా నెత్తి మీద దేనికి?"

మా చేను చూసే పంపన్న కూడా చెప్పాడు. అతను ఇక్కడివాడే. "ఒక్క సంచి ఇయ్యన్నా, పట్టి ఇడిసొస్త. గిట్ల ఇంట్ల పెట్టుకుంటే రేపు అడివంత వస్తది."

"రానీరా. బాడుగ వసూలు చేస్తాను," అన్నాను.

ఒకసారి వద్దన్నాక మళ్ళీ సరేననడం నాకు చేతకాదు. పునుగుపిల్లి ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే మా కోడలు భావనను రైచూరులో ఆసుపత్రిలో చేర్చారు. కడుపులో బిడ్డ నిలవాలంటే మంచం దిగకూడదన్నారు, మనసుకు కష్టం కలిగే మాట ఏదీ చెవిన పడకూడదన్నారు. హరిబాబు అక్కడే ఉండిపోయాడు. వాళ్ళ ఆరేళ్ళ పిల్ల చిట్టి మా దగ్గర ఉంది.

చిట్టి అమ్మ మీద బెంగ పెట్టుకుంది. అన్నం ముట్టేది కాదు. పున్నమ్మ కంచం పట్టుకుని వాకిలంతా తిరిగేది. కాకిని చూపించేది, గేదెను చూపించేది. పిల్ల పెదవులు బిగించుకునేది. పిల్ల తినలేదని పున్నమ్మ కూడా కంచం ముందు కూర్చునేది కాదు. నాకు మాత్రం వేళకు వడ్డించేది.

ఒక సాయంత్రం పున్నమ్మ అన్నం కలుపుతుంటే చిట్టి ఏడవలేదు. పరుగెత్తలేదు.

"నాకొద్దు నానమ్మా. తినేశాను."

"ఎక్కడ తిన్నావే దొంగపిల్లా?"

చిట్టి గడ్డంతో అటక వైపు చూపించింది.

"ఏం కూరో?" అన్నాను నవ్వుతూ.

"ముద్దపప్పు, నెయ్యి. పిల్లలందరికీ పెట్టింది."

"పిల్లికి వంట కూడా వచ్చన్నమాట! మీ నానమ్మను పంపి నేర్చుకోమందాం."

పున్నమ్మ నవ్వలేదు. పిల్ల కుడిచెయ్యి అందుకుని వాసన చూసింది. ఆ చేతిని తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. నెయ్యి వాసన.

"గిన్నెలో చెయ్యి పెట్టి ఉంటుందిలే."

"పాలన్నీ డెయిరీకే పోస్తున్నాం. మనింట్లో నెయ్యి నిండుకుని చాలా రోజులైంది," అంది నెమ్మదిగా.

నిచ్చెన పశువుల పాకలో ఉంది. పిల్ల అటక ఎలా ఎక్కిందని నేను అడగలేదు.

తరవాత రోజూ అదే మాట. తినేశాను. కడుపు నిండింది. పిల్ల ఆడుకునేది, పాడుకునేది, అంతకు ముందుకన్నా హుషారుగా ఉండేది. కానీ చేతి కడియాలు జారిపోయాయి. మెడ సన్నబడింది. గౌను భుజాల మీద నిలవడం మానేసింది. సింధనూరు డాక్టరు రక్తం పరీక్ష చేసి రోగమేమీ లేదన్నాడు, ఆకలికి మందు రాసిచ్చాడు. ఆ మందు పిల్ల నోట్లో పోస్తే పెదవి చివరినుంచి కారిపోయింది.

భావన ఫోను చేసింది. "తిన్నావా అమ్మా?" అని అడిగింది.

"కడుపు నిండా తిన్నానమ్మా," అంది చిట్టి.

ఫోను అవతల భావన ఆనందంగా నవ్వుతోంది. ఇవతల పున్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది.

మరునాడు పట్టపగలు నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. బస్తాల వెనక పునుగుపిల్లి పడుకుని ఉంది. దాని పొదుగు పాలతో బిగిసిపోయి ఉంది. పిల్లలు పక్కనే ఉన్నాయి, ఎండిన బీరపీచుల్లా. ప్రాణం ఉంది. తల్లి వైపు తిరగడం లేదు. కళ్ళు మూసుకుని, ఖాళీ నోళ్ళతో నములుతున్నాయి.

వాటి ముందు ఒక విస్తరాకు. దాని మీద వరసగా అన్నం ముద్దలు.

పిల్లి నోటితో ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చి ఉంటుందనుకున్నాను. అనుకోవాలని చూశాను. కానీ ప్రతి ముద్ద మీదా వేళ్ళ ఒత్తులున్నాయి. చిన్నపిల్లల నోటికి పట్టేలా ఒత్తిన ముద్దలు. ఇంకా ఆవిరి వస్తోంది.

వరి పండించేవాడు అన్నం మెతుకు నేల మీద పారేయడు. చిన్నప్పటినుంచి చేతికి పట్టిన అలవాటు అది, ఆలోచనతో పని లేదు. విస్తరాకు మడిచి కిందికి తెచ్చి, ముద్దలన్నీ గేదె కుడితి తొట్టిలో వేశాను. గేదె ఒక్క గుక్కలో తాగేసింది.

ఆ సాయంత్రం నుంచి అది గడ్డి ముట్టలేదు.

పంపన్న పచ్చగడ్డి వేశాడు, తవుడు పెట్టాడు, బెల్లం పెట్టాడు. గేదె వాటి ముందు నిలబడి నెమరు వేస్తూనే ఉంది, నోట్లో ఏమీ లేకుండా. పాలు ఎండిపోయాయి. పక్కటెముకలు బయటపడ్డాయి. కళ్ళు మాత్రం తృప్తిగా అరమూతలు పడి ఉన్నాయి.

"ఏంది అన్నా గిది?" అన్నాడు పంపన్న. "ఆకలి సచ్చిన జీవం గిట్ల నిలబడదు. గిది కడుపు నిండిన దాని లెక్క నిలబడ్డది."

గేదె అలా నములుతూనే కూలింది.

అప్పుడు నాకు భయం వేసింది. అంతవరకూ వేయలేదు.

ఎండుమిరపకాయలు, వేపాకు కలిపి అటక కింద పొగబెట్టాను. పునుగుపిల్లి ఒక పిల్లను నోట కరుచుకుని పెంకుల మీదికి దూకి వెళ్ళిపోయింది. మిగిలినవి అప్పటికే పోయాయి. కాలువగట్టున పాతిపెట్టాను. పెంకుల సందులు సిమెంటుతో మూశాను. అటక నోటికి చెక్కలు అడ్డం పెట్టి మేకులు కొట్టాను. "పోయింది," అన్నాను పున్నమ్మతో. "ఇక లేదు."

పొద్దు గూకింది. వాసన వచ్చింది.

చిట్టి మంచం మీద పడుకుని ఉంది. కదలలేదు. కళ్ళు చూరు వైపు. నోరు మాత్రం నములుతోంది... మింగుతోంది... మళ్ళీ నోరు తెరుస్తోంది.

దాని దవడ పట్టుకున్నాను. ఆగలేదు. వేలు పెట్టి చూశాను. నోట్లో ఏమీ లేదు.

"తాతయ్యా, చెయ్యి తియ్యి," అంది. "నా వంతు పోతుంది."

మరునాటికి చిట్టి లేచి నిలబడలేకపోయింది. పున్నమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో పిల్ల ఉన్నట్టే లేదు, బట్టల మూట ఉన్నట్టుంది. సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. నేను గునపం చేతిలోకి తీసుకున్నాను.

"ఏం చేస్తావు?" అంది పున్నమ్మ.

"పైకెళ్ళి అడుగుతాను. పిల్లకు పెట్టేది నాకు పెట్టమంటాను. డెబ్బై దాటాయి. తిన్నది చాలు."

వాదిస్తుందనుకున్నాను. పిల్లను మంచం మీద పడుకోబెట్టి, పీట వాల్చి, కంచం పెట్టింది.

"ఖాళీ కడుపుతో ఎక్కి కళ్ళు తిరిగి పడితే నిన్నెవరు చూస్తారు? రెండు ముద్దలు తిని ఎక్కు."

తిన్నాను. ఆమె వడ్డిస్తే తినడం తప్ప నాకు వేరే తెలియదు.

చెక్కలు ఊడబెరికి పైకి పాకాను. పైన చీకటి. పెంకుల మీద వాన. వాన రోజున అటక చల్లగా ఉండాలి. పొయ్యి పక్కన కూర్చున్నట్టు వేడిగా ఉంది. దీపం తేలేదు. ఏం కనిపిస్తుందో చూడాలని లేదు నాకు.

బస్తాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా," అన్నాను గొంతు తగ్గించి. "నువ్వెవరో నాకు తెలియదు. పిల్లను వదిలెయ్. నాకు పెట్టు."

అరచెయ్యి చాపాను.

ముందు వాన చప్పుడే. తరవాత దాని కింద ఇంకో చప్పుడు. ఎవరో అన్నం కలుపుతున్నారు. మెత్తగా... తడిగా... తీరిగ్గా. కలిపి, ముద్ద చేసి, ఒత్తి...

పెట్టింది. నా చేతిలో కాదు. నా ఎడమ పక్కన.

ఎవరో నమిలారు.

ఇంకో ముద్ద. దాని పక్కన. ఇంకొకటి. ఎదురుగా. నా చుట్టూ కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు నా మోకాళ్ళకు తగులుతున్నాయి. చిన్న మోకాళ్ళు...

నా వంతు వచ్చింది. అరచేతి మీదికి వేడి దిగింది. ఆగింది... ఆగింది...

దాటిపోయింది.

"నాకు పెట్టు," అన్నాను. చెయ్యి వెనక్కి తీయలేదు. మళ్ళీ ఒక వరస. మళ్ళీ నన్ను దాటిపోయింది. "పెట్టు!" అని అరిచాను.

నా చెవి పక్కనే ఒక గొంతు. కోపం లేదు. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు తిన్నావుగా."

అప్పుడు అర్థమైంది నాకు పున్నమ్మ కంచం ఎందుకు పెట్టిందో. వెనక నిచ్చెన కిర్రుమంది.

"పున్నమ్మా, రాకు."

వచ్చింది. చీకట్లో నా పక్కన జరిగి కూర్చుంది. గాజుల చెయ్యి ముందుకు చాపడం నాకు తెలిసింది.

"నాకు పెట్టమ్మా," అంది. "పిల్ల తిననప్పటినుంచి నేనూ తినలేదు."

ముద్ద పడింది. ఆమె చేతిలో పడిన చప్పుడు నేను విన్నాను. ఆ చేతిని పట్టుకుని లాగాను, కొట్టాను, విదిలించాను. ముద్ద కింద పడలేదు. పున్నమ్మ నన్ను రెండో చేత్తో నెట్టేసింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను నెట్టడం అదొక్కసారే.

తింటోంది... ఇంకో ముద్ద... తింటోంది...

కింద చిట్టి ఏడుపు. "నానమ్మా! ఆకలేస్తోంది! నానమ్మా!"

ఎన్ని రోజుల తరవాత విన్నానో ఆ మాట.

"వెళ్ళు," అంది పున్నమ్మ నోటినిండా అన్నంతో. "చారు ఉట్టి మీద ఉంది. మెత్తగా కలుపు. కారం తగలనీకు."

"నువ్వు రా ముందు. నువ్వు రాకపోతే నేను కదలను."

"మొండితనం ఇప్పుడు కాదయ్యా. నేను లేస్తే వంతు మళ్ళీ పిల్లకి పోతుంది. వెళ్ళు."

వెళ్ళాను. తడుముకుంటూ దిగి, దీపం వెలిగించి, చారన్నం కలిపాను. ఒకరికి అన్నం కలపడం నా బతుకులో అదే మొదలు. ఉప్పు ఎక్కువైంది. చిట్టి నా వేళ్ళు కొరికేంత ఆబగా తింది. తింటూ ఏడ్చింది. నేను అన్నం పెడుతూ చూరు వైపు చూస్తూనే ఉన్నాను. పైన ఎవరో నములుతున్నారు. ఒకరు కాదు.

వాన వెలిశాక పున్నమ్మ తనంతట తానే దిగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ముఖం కళగా ఉంది, పెళ్ళినాడు ఉన్నట్టు.

"ఎంత బాగుందో," అంది. "ఎవరైనా కలిపి పెడితే ఇంత బాగుంటుందా?"

ఆ తరవాత ఆమె మెతుకు ముట్టలేదు. బతిమాలాను, తిట్టాను, ఆసుపత్రులు తిప్పాను. నేనే వండి ముందు పెట్టాను. నవ్వి, కంచం చిట్టి వైపు జరిపేది. అటక పీకించి చెక్కలు తగలబెట్టాను. ఏమీ మారలేదు. భావన మగపిల్లాడితో ఇంటికి వచ్చేనాటికి పున్నమ్మ మంచం పట్టింది. మనవణ్ణి ఒళ్ళో పెడితే మోయలేకపోయింది.

కార్తీకంలో, కోతలకు ముందు, పోయింది. ఆ ఉదయం మంచం మీంచి నేనొక్కణ్ణే రెండు చేతులతో ఎత్తి చాప మీద పడుకోబెట్టాను. ఎండుగడ్డి మోపు బరువు కూడా లేదు.

పాడె నలుగురు పట్టారు. లేవలేదు. మళ్ళీ పట్టారు. మోకాలి ఎత్తుకు లేపి దించేశారు. వెదురు పగిలింది. పాడె చుట్టూ అప్పుడే వార్చిన అన్నం వాసన. పంపన్న కింద కూర్చుండిపోయి నా వైపు చూశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళను కూడా పిలవాల్సి వచ్చింది.

నా భార్య పున్నమ్మను ఎనిమిది మంది మోశారు.