అరణం జాబితా

"పాత కాగితాలు తవ్వితే ఏం బయటపడుతుందోనని నాకు భయంగా ఉందండీ. నా మాట విని ఇక్కడితో ఆపెయ్యండి," అంది విశాలాక్షి, ఇంకా పాలు కూడా పొయ్యి మీద పెట్టకుండానే.

అమరేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాడు. "కాగితాల్లోంచి పాములేమైనా వస్తాయా ఏమిటి? నీకు ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే."

అదీ నిజమే. దేశం దాటి ఏజాక్స్‌లోని ఆ ఇంటికి వచ్చి ఇరవై ఏడేళ్ళయినా విశాలాక్షికి బాగా అలవాటైన పని భయపడటం ఒక్కటే. మంచు పడితే భర్త జారిపడతాడని భయం. కరిగితే బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయని భయం. పోయినేడాది ఆయనకు స్టెంట్ వేసినప్పటి నుంచీ గుండెనొప్పి స్ప్రేని తన స్వెటర్ జేబులో వేసుకుని తిరుగుతోంది. కానీ ఈ శనివారం ఉదయం ఆమె భయానికి అసలైన కారణమే ఉంది. అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంజనీరుగా రిటైరయ్యాక అమరేశ్వరరావుకు వంశవృక్షం పిచ్చి పట్టుకుంది. డైనింగ్ టేబుల్ నిండా పరిచిన చార్టు మీద గళ్ళు, గీతలు, పేర్లు. రెండు నెలలుగా మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటింటి గట్టు దగ్గరే తింటున్నారు. చార్టులో అన్ని గళ్ళూ నిండాయి గానీ, ఆయన్ని చిన్నప్పుడు పెంచిన నాయనమ్మ జానకమ్మకు పైనున్న గడి ఖాళీగా ఉండిపోయింది. ఆవిడ సోమలింగవరం జమీందారు దివాణంలో పెరిగిందని ఆయనింట్లో అందరూ మొదటినుంచీ గర్వంగా చెప్పుకుంటారు.

"మా నాయనమ్మ ఎవరి ముందూ కూర్చోగా నేను చూడలేదు. ఎప్పుడూ గుమ్మం పక్కన నిలబడే మాట్లాడేది. దివాణం మర్యాదంటే అదీ!" అని ఆయన సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చునే కూతురు నిఖిలకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

రవిశంకర్ గారని, సర్కారు ఆఫీసులో రికార్డులు చూసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన కాకినాడ నుంచి ఆ జమీందారు వీలునామాను స్కాన్ చేయించి పంపించాడు. పంతొమ్మిది వందల పదకొండు నాటిది, అరవై రెండు పేజీలు. అంతా గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా, అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ పోయిన రాత. అన్ని డిగ్రీలున్న అమరేశ్వరరావుకు అందులో ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. పదో తరగతితో చదువాగిపోయిన విశాలాక్షి మాత్రం గడగడా చదివేసింది. ఆమె తండ్రి రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసి ఇల్లు నడిపినవాడు. ఆ అరుగు మీదే ఆయన పక్కన కూర్చుని ఆమె ఆ రాత నేర్చుకుంది.

రోజుకు మూడు పేజీల చొప్పున ఆమె చదివేది, ఆయన రాసుకునేవాడు. సరిగ్గా వారం క్రితం, నలభై ఒకటో పేజీలో, ఆమె చదువుతూ ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఇక్కడ సిరా అలికేసిందండీ. ఏమీ కనపడటం లేదు," అంది.

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో భర్తతో చెప్పిన మొదటి అబద్ధం కాదది. కానీ నిద్ర పట్టనివ్వని అబద్ధం అదే. వారం రోజులుగా చపాతీ పిండి కలుపుతున్నా, బట్టలు మడతేస్తున్నా ఆ పేజీయే కళ్ళముందు తిరుగుతోంది. మోకాళ్ళ నొప్పికి వేసుకునే మాత్ర మర్చిపోతోంది గానీ ఆ పంక్తిని మర్చిపోలేకపోతోంది.

పది దాటాక నిఖిల వచ్చింది. ఎడ్మంటన్ నుంచి అర్ధరాత్రి ఫ్లైటు. కళ్ళకింద నల్లటి చారలు. బూట్లు విప్పి, తల్లిని గట్టిగా కావలించుకుంది. తండ్రి వైపు చూసి, "హాయ్ నాన్నా," అని మాత్రం అంది.

"ఆఁ," అన్నాడాయన చార్టు మీంచి తలెత్తకుండా.

ఆ పిల్ల ప్రేమించింది రోహిత్‌ని. ఖమ్మంలో ఒక అనాథల హాస్టల్లో పెరిగి, స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని, ఎడ్మంటన్‌లో మాస్టర్స్ చేసి ఉద్యోగంలో చేరాడు. అమ్మానాన్నలెవరో అతనికి తెలియదు. ఆరు వారాల క్రితం నిఖిల ఫోన్ చేసి, "నాన్నా, జూన్‌లో మా పెళ్ళి. మీరు వస్తారా?" అని అడిగింది. ఆయన ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి, చార్టు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకు ఇంతవరకూ జవాబు లేదు.

విశాలాక్షి పెసరట్లు వేసింది. ఎవరూ సరిగా తినలేదు.

"నాన్నా, సాయంత్రం ఫ్లైట్‌కి వెళ్ళిపోతా. ఫోన్‌లో చెప్పలేదు కదా, ఎదురుగా అడుగుదామని వచ్చా. వస్తారా, రారా?"

"పీటల మీద పురోహితుడు తాత పేరు అడుగుతాడు. ఏం చెబుతాడా అబ్బాయి?"

"తెలియదని చెప్తాడు. ఇట్స్ నాట్ ఎ క్రైమ్ నాన్నా!"

"క్రైమ్ అని ఎవరన్నారు? మొదలేదో తెలియని మొక్కని తెచ్చి ఇంటిముందు నాటమంటే ఎలా? ఇటు చూడు." ఆయన చార్టు మీద వేలు పెట్టాడు. "ఏడు తరాలు. ఇదిగో మా నాయనమ్మ, దివాణంలో పెరిగిన మనిషి. ఇలాంటి ఇంట్లోంచి..."

"మీ చార్ట్‌లో కూడా ఒక బాక్స్ ఎంప్టీగా ఉంది," అంది నిఖిల. "ఆవిడ పేరెంట్స్ ఎవరో మీకూ తెలీదు. రోహిత్‌కీ మీకూ తేడా ఏంటి?"

"నోర్ముయ్! ఆవిడతో పోలికా?"

"ఏమండీ, మెల్లిగా, మీ గుండె..." అంటూ విశాలాక్షి లేవబోయింది.

నిఖిల అప్పటికే లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి కోటు వేసుకుంది. ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుంది. "అమ్మా, ఊబర్ పిలుస్తున్నా. ఎయిర్‌పోర్ట్‌లోనే కూర్చుంటా."

చెబితే ఆయన కూలిపోతాడని విశాలాక్షి వారంగా భయపడింది. ఇప్పుడు చెప్పకపోతే పిల్ల ఆ తలుపు దాటిపోతుంది, మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకునేంత ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు. జేబులోంచి స్ప్రే తీసి భర్త చేతికందేలా టేబుల్ మీద పెట్టింది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"నలభై ఒకటో పేజీలో సిరా అలకలేదండీ. నేనే అబద్ధం చెప్పాను."

ఆయన అర్థంకానట్టు చూశాడు.

"మీరు జానకమ్మగారి కోసం వారసుల జాబితాలో వెతుకుతున్నారు. ఆవిడ అక్కడ లేదు. జమీందారు తన కూతురికి పెళ్ళిలో ఇచ్చి పంపిన సొత్తు జాబితాలో ఉంది. అరణం జాబితాలో."

ఆమె చదివింది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని చదివినట్టే, ఒక్కో మాటా విడివిడిగా. "వెండి చెంబులు ఒక జత. పాడిగేదెలు నాలుగు. యిత్తడి గుండిగలు రెండు. దాసీ పోలమ్మ. దాని కూతురు జానకి, వయస్సు ఆరేండ్లు. వుయ్యాల బల్ల ఒకటి."

నిఖిల చేతిలో బూటు అలాగే ఉంది.

"మళ్ళీ చదువు," అన్నాడు అమరేశ్వరరావు.

"వద్దండీ..."

"చదవమంటున్నా కదా, విశాలా."

ఆమె మళ్ళీ చదివింది.

"నాయనమ్మ మోచేతి మీద పచ్చబొట్టు ఉండేది," అన్నాడాయన. "పోలమ్మ అని. ఎవరు నాయనమ్మా అంటే పైట లాక్కుని కప్పేసుకునేది. వాళ్ళ అమ్మన్నమాట." చార్టులో ఖాళీ గడిని బొటనవేలితో రుద్దాడు. "కూర్చునేది కాదు. మా ఇంట్లో కూడా, సొంత కొడుకు ముందు కూడా. నేను ఊరంతా గొప్ప చెప్పుకున్నాను. అది మర్యాద కాదు విశాలా. ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు."

విశాలాక్షి స్ప్రే ఆయన చేతి దగ్గరికి జరిపింది. ఆయన దాన్ని పక్కకు నెట్టాడు.

"నేనూ అనలేదు," అన్నాడు.

కళ్ళజోడు తీసి చార్టు మీద పెట్టాడు. ఊబర్ వచ్చినట్టు నిఖిల ఫోన్ మోగి, మోగి ఆగిపోయింది. బయట కారు కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పెసరట్లు చల్లారి బిగుసుకుపోయాయి. విశాలాక్షి భర్త ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ కూర్చుంది. లేస్తోంది, దిగుతోంది. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆయన పెన్సిల్ తీసి ఖాళీ గడిలో పోలమ్మ అని రాశాడు. అక్షరాలు గడి దాటిపోయాయి. అప్పుడు తలెత్తి గుమ్మం వైపు చూశాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సుతో కూతురు గోడకు ఆనుకుని ఇంకా నిలబడే ఉంది. ఆయన లేచి, ఎదురుగా ఉన్న కుర్చీ మీది కాగితాలన్నీ తీసి నేలమీద పెట్టి, దాన్ని ఇవతలికి లాగాడు.

"అలా నిలబడకు తల్లీ. వచ్చి కూర్చో," అన్నాడు. "వస్తాను. మీ పెళ్ళికి వస్తాను."